అడవిబాటలో రెండు దినములు

రాజమహేంద్రవరమునుండి గోకవరము మీదుగా రంపచోడవరము చేరి, అచ్చటనుండి మారేడుమిల్లికి పోవు దారి మిక్కిలి సుందరమైనది. మైదానమునందలి వరిచేలును అరటితోటలును క్రమముగా వెనుకబడును. దూరమున నీలిగీతవలె కనబడిన కొండలు దగ్గరకు పోయినకొలది పచ్చనగును. మారేడుమిల్లి దాటి చింతూరు వైపునకు సాగు కనుమదారిలో ఇరుప్రక్కల వెదురుపొదలు వంగి పందిరి వేసినట్లుండును. ఆ తారుదారిని పోవు యాత్రికులు వేలమంది. వారు పాములేరు వాగు ఒడ్డున కొంతసేపు నిలుతురు. వెదురుబొంగులో కాల్చిన కోడికూర తిందురు. చీకటిపడక మునుపే మరలిపోవుదురు. ఆ దారికి కుడియెడమల చీలి, చెట్లలో మాయమగు ఎఱ్ఱమట్టి బాటలను వారిలో చూచువారు అరుదు. అవి ఎవరి యిండ్లకు పోవునో అడుగువారు ఇంకను అరుదు.

2023వ సంవత్సరము నవంబరు నెలలో ఒక శనివారమునాడు నలుగురు మిత్రులు అట్టి బాటలలో ఒకదానిని వెదకికొని వచ్చిరి. వారు కాకినాడలో ఒకే కళాశాలలో చదివినవారు. నలుబదియేండ్ల వయస్సు దాటినవారు. వారిలో ఒకడు బ్యాంకు ఉద్యోగి. రెండవవాడు మోటారు బండ్ల మరమ్మతు చేయువాడు. మిత్రులు అతనిని మేస్త్రీ యని పిలుతురు. మూడవవాడు ఉన్నత పాఠశాలలో తెలుగు పంతులు. నాల్గవవాడు కోనసీమలో వరియు కొబ్బరియు పండించు రైతు. ఏటికొకసారి నలుగురును కలిసి రెండు దినములు ఎక్కడనైనను తిరిగి రావలెనని వారి నియమము. సముద్రతీరములు అయినవి, పుణ్యక్షేత్రములు అయినవి. ఈ మారు అడవిబాటలలో బండ్లు నడపవలెనని బ్యాంకు ఉద్యోగి పట్టుపట్టెను. అందులకు కారణము లేకపోలేదు. అతడు క్రొత్తగా ఒక జీపు కొనియుండెను. ఎత్తైన చక్రములును, నల్లగా నిగనిగలాడు రూపమును గల ఆ బండి ఆరు నెలలనుండి నగర వీథులలో కూరగాయల సంచులు మోయుటకే సరిపోవుచుండెను. అది బండికిని అవమానమే, యజమానికిని అవమానమే యని అతని తలంపు.

మేస్త్రీకిని జీపు కలదు. అది ముప్పది యేండ్లనాటిది. రంగు వెలిసినది, తలుపులకు మారుగా గుడ్డతెరలు వ్రేలాడుచుండును, వెనుకభాగమున రెండు పొడుగు బల్లలే ఆసనములు. దానిని చూచి నవ్వనివారు లేరు. అది నడిదారిలో ఆగిపోగా చూచినవారును లేరు. జీపను బండి పుట్టుకయే అట్టిది. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున, 1941వ సంవత్సరమునుండి, అమెరికాలో సైన్యము కొఱకు దానిని లక్షలకొలదిగా తయారుచేసిరి. బురదలో, ఇసుకలో, వంతెనలేని యేళ్ళలో పోవుటయే దాని పని. యుద్ధము ముగిసిన పిదప అది మన దేశమునందును పోలీసులకు, అటవీశాఖవారికి, కాలువల యింజనీర్లకు వాహనమయ్యెను. అందమునకై అది పుట్టలేదు.

అటవీశాఖవారి చెక్ పోస్టువద్ద ఒక ఉద్యోగి పుస్తకములో పేర్లును బండ్ల నెంబర్లును వ్రాయించుకొనెను. బాట విడిచి అడవిలోనికి బండి త్రిప్పరాదనియు, నిప్పు రాజేయరాదనియు, తెచ్చిన ప్లాస్టిక్ సంచులను తిరిగి కొనిపోవలెననియు చెప్పెను. బ్యాంకు ఉద్యోగి అన్నిటికిని తల యూపి సంతకము చేసెను. సంతకము చేయుట అతనికి అలవాటైన పని.

తారుదారి ముగిసినచోట మేస్త్రీ రెండు బండ్లను ఆపించి, టైర్లలోని గాలి తగ్గింపసాగెను. ముప్పది పౌనులకు పైగానున్న గాలిని ఇరువది పౌనుల చెంతకు దించెను. గాలి గట్టిగా నిండిన టైరు రాళ్ళమీద గోళీవలె జారును. తగ్గిన టైరు అణగి, పొడవుగా నేలను కఱచుకొనును. బరువు ఎక్కువ మేర పఱచుకొనుటచే మెత్తని నేలలో అంత సులభముగా దిగబడదు. అయితే అట్టి టైర్లతో తారుదారిపై వేగముగా పోరాదు. అవి వేడెక్కి చెడిపోవును. కావుననే తిరుగుప్రయాణమునకై మేస్త్రీ గాలి పంపును వెంట తెచ్చెను.

పిమ్మట అతడు గేరు కడ్డీ ప్రక్కనున్న రెండవ కడ్డీని చూపెను. మామూలుగా ఇంజను బలము వెనుక చక్రములకే పోవును. ఆ కడ్డీని మార్చినచో ముందు చక్రములకును పోవును. మరల మార్చినచో బండి వేగము సగమునకు తగ్గి, లాగు బలము ఆ మేరకు పెరుగును.

“నాలుగు చక్రాలూ లాగుతుంటే ఇక ఇరుక్కోవడమనే మాటెక్కడిదిరా?” అని పంతులు అడిగెను. ప్రశ్నలడుగుట పంతుళ్ళకు వృత్తిధర్మము గదా!

మేస్త్రీ నేలమీద పుల్లతో గీత గీసి చెప్పెను. బండి మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము పోవలెను. అందులకై ఇరుసు నడుమ పళ్ళచక్రముల పెట్టె యొకటి యుండును. దానిని డిఫరెన్షియల్ అందురు. అది రెండు చక్రములను వేర్వేరు వేగములతో తిరుగనిచ్చును. మంచి దారిపై అది వరము. కాని ఒక చక్రము గోతిపై గాలిలో వ్రేలాడినను, జారుడు బురదలో పడినను, ఆ చక్రమే గిరగిర తిరుగుచుండును. గట్టినేలపైనున్న రెండవ చక్రము కదలదు. బలమంతయు పనిచేయనివానికే పోవును.

“మా ఆఫీసులోనూ అంతేరా” అని బ్యాంకు ఉద్యోగి అనగా అందఱును నవ్విరి.

ఆ బాటను ఎవరు వేసిరో చెప్పుట కష్టము. మొట్టమొదట కొండరెడ్ల కాలినడకచే అది పుట్టియుండును. పిదప కాగితపు మిల్లులకు వెదురు తోలు లారీలు దానిని వెడల్పు చేసెను. లారీలు మానినతరువాత వానలు దానిని తమ యిష్టము వచ్చినట్లు కోసినవి. ఈ మన్యములో దారులకును కన్నీటికిని పాతసంబంధము కలదని పంతులు బండిలో కూర్చుండి చెప్పసాగెను. 1882వ సంవత్సరపు మద్రాసు అటవీచట్టము వచ్చిన పిమ్మట పోడు వ్యవసాయమునకు ఆంక్షలు హెచ్చెను. ఉత్తరమున గూడెము ప్రాంతములో నర్సీపట్నమునుండి చింతపల్లికి దారి వేయునపుడు కొండవారిచే చాలీచాలని కూలికి పనిచేయించిరి. ఇట్టి బాధలన్నియు కలిసి రగిలి, అల్లూరి సీతారామరాజు నాయకత్వమున 1922లో పోరాటముగా చెలరేగెను. ఆ యేడు ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడులు జరిగెను. సెప్టెంబరు 24వ తేదీన దామనపల్లి కనుమలో ఇరువురు ఆంగ్లేయ అధికారులు మరణించిరి. ముందు నడచిన భారతీయ సిపాయీలను పొదలలోనివారు పోనిచ్చి, వెనుకవచ్చిన దొరలనే ఎంచి కొట్టిరి. ఎంత సైన్యము వచ్చినను దానివద్ద తుపాకులే యుండెను గాని బాటల జాడ లేకుండెను. ఆ జాడ కొండవారిది. 1924 మే నెలలో రాజు మరణించువఱకు ఆ పోరు సాగెను.

“చరిత్ర తరువాత చెబుదువుగాని, దిగి ముందు రాయి చూడు” అని మేస్త్రీ అతని నడ్డగించెను.

అడవిబాటలో బండి నడుపుట యనగా అధిక భాగము బండి దిగుటయే. ఈ సంగతి క్రొత్తవారికి తెలియదు. మేస్త్రీ పది నిమిషములకొకసారి దిగి, ముందు నడచి, రాళ్ళను కాలితో కదిపి చూచి, చక్రములు ఎచ్చట మోపవలెనో నిర్ణయించుకొని వచ్చుచుండెను. లారీ చక్రములు కోసిన లోతైన చాళ్ళలో దిగక, వాని నడుమనున్న గట్టుపై ఒక చక్రమును, అంచున మఱియొక చక్రమును ఉంచి నడపుచుండెను. దిగుడులో బ్రేకును గట్టిగా త్రొక్కక, మొదటి గేరులో క్లచ్చి ముట్టక, ఇంజనే బండిని పట్టి ఆపునట్లు చేయుచుండెను. ఎక్కుడులో బండి నిలిచిపోయినచో ప్రక్కకు త్రిప్పరాదు, త్రిప్పినచో బోర్లపడును, వెనుక గేరు వేసి, వచ్చినదారినే తిన్నగా దిగవలెను. స్టీరింగును పట్టునపుడు బొటనవ్రేళ్ళను లోపల నుంచరాదు. ముందుచక్రము బండను తాకినచో పాతబండ్లలో స్టీరింగు గిఱ్ఱున తిరిగి వ్రేలు విఱుగగలదు. ఇవన్నియు అతనికి పుస్తకములు నేర్పినవి కావు.

బాట ఎక్కినకొలది చలి హెచ్చెను. ఇప్ప, మద్ది, వేగి చెట్లు గుబురుగా నుండెను. అడ్డతీగలు చెట్టునుండి చెట్టునకు త్రాళ్ళు కట్టినట్లు ప్రాకియుండెను. ఒకచోట జీలుగుచెట్లు పూలజడలవంటి గెలలను వ్రేలాడవేసికొని నిలిచియుండెను. కొమ్మలలో ఒక బెట్టుడుత తన పొడవైన తోకను క్రిందికి జార్చి, ఈ రెండు చప్పుడు జంతువులను చాలసేపు చూచెను. పోడుచేలలో సామ కోతలు సాగుచుండెను. ఇంజను ఆపినపుడెల్ల ఎక్కడనో నీరు పాఱు సవ్వడి వినబడుచుండెను. మేస్త్రీ మెల్లగా పోవుటచే ఇవన్నియు కంటబడినవి. వెనుకవచ్చు బ్యాంకు ఉద్యోగికి మాత్రము ఈ నత్తనడక విసుగు పుట్టించెను.

తారుదారి చివరనుండి తొమ్మిది కిలోమీటర్ల దూరమున వారికి ఒక వాగు అడ్డమయ్యెను. వెడల్పు పదునైదు గజములకు మించదు, నీరు మోకాలిలోతు, అవతలి ఒడ్డు కొంచెము ఏటవాలుగా పైకెక్కును. ఒడ్డున మేకలు కాచు పిల్లవాడొకడు కూర్చుండియుండెను. మేస్త్రీ ప్యాంటు మడచుకొని, కఱ్ఱతో అడుగు పరీక్షించుచు వాగు దాటి వచ్చి, పాతజీపును నీటిలోనికి దింపెను. బండి నడచు మనిషికంటె వేగముగా పోలేదు. దాని ముందు చిన్న అల యొకటి లేచి, దానితోపాటు సాగి, అవతలి ఒడ్డున అణగిపోయెను. వాగు మధ్యమున గేరు మార్చరాదు, ఆగరాదు, తొందరపడరాదు. ఒడ్డెక్కిన పిదప అతడు బ్రేకులను రెండుమూడు మార్లు మెల్లగా త్రొక్కి తడి యార్చుకొనెను.

“ఇంతేనా?” అని బ్యాంకు ఉద్యోగి ఈవలి ఒడ్డునుండి అఱచెను. “ఒరే పంతులూ, ఫోను తియ్యి. నీళ్ళు రెండు పక్కలా రెక్కల్లా లేవాలి!”

పంతులు ఫోను తీసెను. వలదని అనలేదు. ఒడ్డునున్న పిల్లవాడు చేయి నేలవైపు ఆడించుచు, మెల్లగా, మెల్లగా అని సైగ చేసెను. దానిని ఎవరును లెక్కింపలేదు. నల్లని బండి ఉఱికి నీటిలో పడెను. నీరు నిజముగనే రెక్కలవలె లేచెను. చిత్రము చక్కగా వచ్చెను. కాని ఆ నీటి తాకిడికే బండి ముక్కు ప్రక్కకు తొలగి, ఎడమచక్రములు అడుగునున్న రాళ్ళపైనుండి జారి మెత్తని ఇసుకలో దిగెను. యజమాని దిగి చూడవలసినది. దిగక, మఱింత గట్టిగా త్రొక్కెను. చక్రములు గిఱ్ఱున తిరిగి రాళ్ళను పెకలించి వెనుకకు విసరెను. ఎంత త్రొక్కిన అంత లోతు. ఇంజనులోనికి గాలి పోవు గొట్టమువఱకు నీరు రాకుండుట అతని అదృష్టము. గాలి నొక్కబడునుగాని నీరు నొక్కబడదు. అది లోపల చేరినచో ఇంజను కడ్డీలే వంగిపోవును.

పాతజీపునకు త్రాడు కట్టి లాగిరి. ఒడ్డు మన్ను చాళ్ళుచాళ్ళుగా లేచి వచ్చెనుగాని బండి రాలేదు. పిల్లవాడు పరుగున పోయి, సామ కోయుచున్నవారిని పిలుచుకొని వచ్చెను. ఆఱుగురు వచ్చిరి. వారు ఏమియు మాటలాడక, రెండు లావు వెదుళ్ళను బండి క్రింద దూర్చి, ఒక మూలను ఎత్తి పట్టిరి, క్రింద రాళ్ళు పేర్చిరి, అప్పుడు లాగుమనిరి. బండి బురదతో ఒడ్డెక్కెను. బ్యాంకు ఉద్యోగి జేబునుండి అయిదువందల రూపాయల నోట్లు తీసి ఈయబోయెను. వారు తీసికొనక, కోత మిగిలియున్నదని చెప్పి వెడలిపోయిరి.

ఆ రాత్రి మిత్రులు వాగునకు అయిదు కిలోమీటర్ల ఎగువనున్న పల్లెలో బస చేసిరి. ఇరువది యిండ్లుండును; వెదురు తడికలకు మన్ను మెత్తిన గోడలు, పూరికప్పులు. ఊరిపెద్ద తన యింటి అరుగు చూపెను. సామ అన్నమును కందిపప్పును ఆ యింటివారు పెట్టిరి. మిత్రులు తెచ్చిన మిఠాయిలను పిల్లలకు పంచిరి. చలిమంట చుట్టు కూర్చుండి బ్యాంకు ఉద్యోగి నీటి చిత్రమును ఫోనులో అందఱకును చూపుచుండెను. పిల్లలు విరగబడి చూచి కేరింతలు కొట్టుచుండిరి.

రైతు మాత్రము వాగును గుఱించి యోచించుచుండెను. “తాతా, ఆ వాగులో కింద పలకరాళ్ళు తగిలాయి. వాటంతటవే ఉన్నవేనా?” అని అడిగెను.

“కాదు బాబూ. వానలు వెలిశాక ఊరంతా రెండు రోజులు చేసి పరిచాం. రేషను ట్రాక్టరు రావాలి గదా. ఏటా పరుస్తాం” అని ముసలివాడు చెప్పెను. అతని కంఠములో నిష్ఠురము లేదు. అడిగినదానికి జవాబు చెప్పెను, అంతియే. నీళ్ళు రెక్కలవలె లేచు చిత్రము మంట వెలుగులో మరల మొదటినుండి ఆడుచుండెను. బ్యాంకు ఉద్యోగి ఫోనును ఆర్పి జేబులో పెట్టుకొనెను. ఆ రాత్రి అతడు చాలసేపు నిద్రింపలేదని ప్రక్కన పరుండిన పంతులు మఱునాడు చెప్పెను. పంతులును నిద్రింపలేదని దీనివలన తెలియుచున్నది.

తెల్లవాఱుజామున నాలుగున్నర గంటలకు ఊరిలో అలికిడి యయ్యెను. ప్రక్కయింటి కోడలికి అర్ధరాత్రినుండి నొప్పులు వచ్చుచుండెను. తొలికాన్పు. నెలలు నిండుటకు ఇంకను మూడువారములు కలవట. ఊరిలోని ఆశా కార్యకర్త గుట్టపైనున్న ఒక రాతివద్దకు చీకటిలో ఎక్కిపోయి వచ్చెను. ఆ పల్లెకంతకు ఫోను పలుకు చోటు అదియొక్కటియే. తారుదారి చివరకు 108 బండి వచ్చునని ఆమె తెచ్చిన వార్త. అచ్చటివఱకు పదునాలుగు కిలోమీటర్లు. వాకిట అప్పటికే పొడవైన వెదురునకు దుప్పటి కట్టి డోలీ సిద్ధము చేయుచుండిరి.

మేస్త్రీ లేచి, ఏమియు అడుగక పాతజీపు వెనుకబల్లలను విప్పి క్రింద పడవేసెను. నేలపై గడ్డి పఱచి, దానిపై మిత్రుల దుప్పట్లన్నియు వేసెను. టైర్లలో గాలిని ఇంకను కొంచెము తగ్గించెను. ఆమెను, ఆమె అత్తను, ఆశా కార్యకర్తను ఎక్కించిరి. బండి కదలబోవుచుండగా ముసలివాడు మోయువారివైపు తిరిగి, “డోలీ కూడా తెండిరా” అనెను.

“బండి ఉండగా డోలీ ఎందుకు తాతా?” అని బ్యాంకు ఉద్యోగి అనెను. ముసలివాడు బదులు చెప్పక, నలుగురు మోయువారితో మలుపులను కోసిపోవు అడ్డదారిన నడచెను. ఈ నలుగురు ముక్కాలుగంటలో వాగు చేరుసరికి ఆ యైదుగురును అచ్చట నుండిరి.

వాగు వెలుగులో కనబడెను. నిన్న పెకలిన రాళ్ళచోట నీరు రాత్రియంతయు త్రవ్వినది. మోకాలిలోతు గొయ్యి తొడలోతైనది. త్రాటితో లాగినపుడు చీలిన ఒడ్డు విఱిగి సగము నీటిలో పడియుండెను. మేస్త్రీ దిగి కఱ్ఱ గ్రుచ్చి చూచి తల యడ్డముగా ఊపెను. ఎడమచక్రములు పడినచో ఇరుసు రాళ్ళపై కూర్చుండును. అప్పుడు నాలుగు చక్రములుండియు బండి కదలదు. ఒంటిగానైనచో సాహసింపవచ్చును. లోపల ఆమెతో సాహసింపరాదు.

ముసలివాడు అంతవఱకు ఆగలేదు. నలుగురును ఆమెను మెల్లగా డోలీలోనికి దింపి, భుజములపై కెత్తి, నీటిలో దిగిరి. మనిషి కాలు గోతిని చుట్టి పోగలదు. రెండు నిమిషములలో వారు అవతలి ఒడ్డున నుండిరి. బ్యాంకు ఉద్యోగి, “తాతా, అరగంట ఆగండి, బాగుచేసేస్తాం” అని అఱచెను.

“మేం నడుస్తుంటాం బాబూ. మీరు వస్తే వస్తారు” అని ముసలివాడు వెనుకకు తిరుగకయే చెప్పెను.

ఆ మాటలో కోపమున్నచో బ్యాంకు ఉద్యోగికి సుఖముగా నుండెడిది. అందులో కోపము లేదు. అతడు చొక్కా విప్పి నీటిలో దిగెను. నవంబరు నెల కొండవాగు నీరు ఎంత చల్లగా నుండునో చెప్పనక్కఱలేదు. నిన్న తన చక్రములు విసరిన రాళ్ళను ఒక్కొక్కటిగా అడుగున తడిమి తీసి, గోతిలో వేయసాగెను. పంతులు ఆ రాళ్ళను అందుకొని పేర్చెను. గుండ్రాళ్ళు నిలువక దొరలిపోవుచుండగా, రైతు వచ్చి అడుగున పెద్దవి, వాని సందులలో చిన్నవి వేయుట చూపెను. చేని గట్టు గండిపడినపుడు పూడ్చు పద్ధతి అదియే. విఱిగిన ఒడ్డుపై అతడు అడవిలో రాలిపడిన ఎండువెదుళ్ళను తెచ్చి అడ్డముగా పఱచెను. అవి చాలలేదు. బ్యాంకు ఉద్యోగి తన క్రొత్తబండిలోనికి పోయి, నేలపై వేసిన ఖరీదైన పట్టాలన్నిటిని ఊడబెఱికి తెచ్చి, మన్నులో చక్రములదారికి పఱచెను. ఎవరును నవ్వలేదు. మేస్త్రీ బండిని నీటిలోనికి దింపెను. ఒక రాయి కదలెను. ఎడమచక్రము జానెడు క్రుంగెను. బండి ఒకవైపునకు ఒరిగి, ఆగి, మరల సాగెను. పట్టాలు ముక్కలైనవి. బండి ఒడ్డెక్కెను. వాగువద్ద ముక్కాలుగంట గడచినది.

మూడు కిలోమీటర్ల దిగువన వారు డోలీని కలిసికొనిరి. మోయువారు భుజములు మార్చుకొనుటకు తప్ప ఎచ్చటను ఆగలేదు. ఆమెను మరల బండిలోనికి చేర్చిరి. ఇంక ఆఱు కిలోమీటర్లు మిగిలెను.

వేగముగా నడపుట తెలిసినవారు లోకములో చాలమంది కలరు. ఆ యుదయమున మేస్త్రీ నడపిన తీరును చూడవలసినది. ప్రతిరాతిని చక్రము ముద్దుపెట్టుకొనునట్లు తాకి, మెల్లగా నెక్కి, మెల్లగా దిగుచుండెను. బ్యాంకు ఉద్యోగి ప్రక్కమెట్టుపై నిలిచి, ప్రతి మలుపువద్దను దూకి, ముందు పరుగెత్తి, అడ్డమున్న రాళ్ళను తొలగించి, మరల ఎక్కుచుండెను. లోపలినుండి మూలుగు వినబడినపుడెల్ల మేస్త్రీ బండి ఆపును. అత్త “పోనీ బాబూ” అనినపుడు కదలించును. ఆఱు కిలోమీటర్లకు ముక్కాలుగంట పట్టెను. తారుదారి చివర తెల్లని బండి నిలిచియుండెను. ఆమెను అందులోనికి మార్చునపుడు ఆమె కన్నులు తెఱచి, ఎవరినో వెదకినట్లు చూచి, మరల మూసికొనెను. బండి రంపచోడవరము వైపునకు పోయెను. కొంతసేపటికి ముసలివాడును, మోయువారును ఖాళీ డోలీతో దిగివచ్చి, దారిప్రక్కన కూర్చుండి ఊపిరి పీల్చుకొనిరి. వారికి మేస్త్రీ రొట్టెలును నీళ్ళును ఇచ్చెను.

బ్యాంకు ఉద్యోగి సోమవారము సెలవు కోరుచు కార్యాలయమునకు సందేశము పంపెను. తక్కిన మువ్వురు తమ సంగతి తాము చూచుకొనిరి. మారేడుమిల్లికి పోయి రెండు గడ్డపారలు, మూడు తట్టలు కొనుక్కొని, ముసలివానిని మోయువారిని ఎక్కించుకొని, అందఱును వాగువద్దకు మరలిరి. మధ్యాహ్నమునకు పల్లెనుండి మఱికొందఱు వచ్చిరి. వారిలో నిన్నటి మేకల పిల్లవాడును ఉండెను. ఏ రాయి ఎచ్చటనుండెనో అతనికి తెలిసినంత బాగుగా ఎవరికిని తెలియదు. అతడు గట్టున నిలిచి వ్రేలు చూపుచుండ, బ్యాంకు ఉద్యోగి మోయుచుండెను. సాయంకాలము గుట్టపై రాతివద్దనుండి ఒక యువకుడు పరుగున దిగివచ్చి, పదునొకండు గంటలకు ఆడపిల్ల పుట్టినదనియు, తల్లియు బిడ్డయు క్షేమమనియు చెప్పెను. అందఱును ఒక్క నిమిషము పని ఆపి, మరల మొదలిడిరి.

ప్రొద్దు గుంకుచుండగా చివరి రాయి పడెను. ముసలివాడు నీటిలోనికి దిగి, ఈ చివరనుండి ఆ చివరకు ప్రతి రాతిపైనను కాలు మోపి, మడమతో నొక్కుచు నడచెను. నడిమిచోట ఒక రాయి కదలెను. అది బ్యాంకు ఉద్యోగి పెట్టిన రాయి. ముసలివాడు వంగి దానిని పైకి తీసి, చేతిలో త్రిప్పి చూచి, అడుగుభాగము పైకి వచ్చునట్లు మార్చి పెట్టి, మరల కాలు మోపెను. ఈసారి అది కదలలేదు.